కమ్మీలు బిగించేవాడు

వల్పరైసోలో మా కొండకు నూట అరవై నాలుగు మెట్లు.
పనిముట్ల సంచి భుజాన వేసుకుని
తొంభయ్యో మెట్టు దగ్గర ఆగుతాను,
సముద్రం చూస్తున్నట్టు.
ఎవరూ నమ్మరు, ఎవరూ అడగరు.

ఆరోగ్యకేంద్రం నర్సు చీటీ రాసిచ్చింది:
ఓర్తెన్సియా, ఎనభై మూడు. పడింది.
స్నానాలగదిలో ఒక కమ్మీ, నడవలో ఒకటి.
"పడింది" కింద రెండు గీతలు.

తలుపు తీస్తూనే ఆమె అంది:
పడలేదు. కూర్చున్నాను, కాస్త తొందరగా.
మోచేతి మీద వంకాయరంగు మచ్చ మీదికి
చొక్కా చెయ్యి లాక్కుంది.

ఏ మెట్టు మీద? అన్నాను.
కోపం వచ్చింది ఆమెకు.
అరవై ఏళ్లుగా ఎక్కి దిగుతున్న మెట్లు!
ఏది కుంటిదో ఏది వదులైందో పాదానికి తెలుసు,
వానలో ఏ మూల నాచు పడుతుందో
రాత్రి వీధిదీపం ఏ మెట్టును ఎగ్గొడుతుందో.
భూకంపంలో గూట్లో పింగాణీ అంతా రాలిపోతుంటే
గుమ్మం పట్టుకుని నిలబడిందట,
పక్కింటి పసివాణ్ణి చంకనేసుకుని.
భూమి ఊగిన రాత్రి పడని మనిషి
భూమి కదలకుండా ఉన్న ఒక మంగళవారం
వంటింటికీ పడకగదికీ మధ్య
ఏడడుగుల చదునులో పడింది.

కారణం ఏమిటని అడిగేవాళ్లు
ఒక్కటే చెప్పమంటారు.
ఇన్ని ఇళ్లు చూశాను, ఒక్కటి ఎప్పుడూ దొరకలేదు.
మడమ అరిగిన చెప్పు. అంచు లేచిన తివాచీ.
రక్తపోటు మాత్ర, నిద్రమాత్ర,
రెండూ ఒకే సాసర్లో.
సాయంత్రం టీ, రొట్టె. రాత్రి భోజనమూ అదే.
దూరానికీ దగ్గరికీ కలిపి చేసిన కళ్లద్దాలు,
అందులోంచి నేల ఒక వేలెడు పైకి తేలి కనిపిస్తుందట.
నడవలో బల్బు క్రిస్మస్ ముందే పోయింది.
బల్బు మార్చాలంటే కుర్చీ ఎక్కాలి,
కుర్చీ ఎక్కితే పడతావని మేనకోడలు హెచ్చరించింది,
కనుక చీకటి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం
అన్నవాడు కుర్రవాడై ఉంటాడు.
నలభై నిమిషాల్లో ఆమె నోరు నాలుగుసార్లు జారింది,
మేయరు మీద, మేనకోడలి మీద,
నా మీద, నా డ్రిల్లు మీద.
అన్నీ నవ్వి తీసేసుకుంది.
కాలు జారిందే తీసుకోలేకపోయింది.
ఆ మంగళవారం నుంచి బజారుకు దిగలేదు.
మళ్లీ పడతానేమో అన్న భయం
ముందే వచ్చి మోకాళ్లలో కూర్చుంటుంది,
కదలని మోకాళ్లు సన్నబడతాయి,
భయం చెప్పింది నిజమవుతుంది.

ఎంత ఎత్తున బిగించాలి?
చీటీ మీద ఒక కొలత ఉంది. నేను టేపు తీయలేదు.
టార్చి గోడకు ఆనించి పక్కవాటుగా వేశాను.
సున్నం మీద, నడుము ఎత్తున,
వంటింటినుంచి పడకగది దాకా
మాసిన గీత, జిడ్డుగా, నిమ్మళంగా,
ఒక చెయ్యి ఏళ్ల తరబడి రాసిన ఒకే వాక్యం.
ఆమె కూడా చూసింది.
అది పాత తేమ, అంది.
అవునన్నాను.
తేమ మీదనే నాలుగు మరలు దించాను.

బల్బు మార్చి, తివాచీ చుట్టి మంచం కిందికి నెట్టాను.
కమ్మీని గుర్రాన్ని తట్టినట్టు ఒకసారి తట్టి
దాని మీద చేతిగుడ్డ ఆరేసింది.
దీనికి బాగుంటుంది, అంది.

నెల తిరిగాక సంతకం కోసం వెళ్లాను.
ఈసారి డెబ్భయ్యో మెట్టు దగ్గరే ఆగాను.
సముద్రం అక్కణ్ణించి కనబడదు.

చేతిగుడ్డ కుర్చీ వీపు మీద ఉంది.
కమ్మీ మధ్యలో ఒక జానెడు మేర
మిగతా దానికంటే మెరుస్తోంది.
నేనేమీ అనలేదు.
ఆమె నా చేతిలోంచి కాగితం లాక్కుని
"పడింది" కొట్టేసి
"కూర్చుంది" అని రాసి
సంతకం పెట్టింది.